సిగ్నల్ లేని కొండ మీద స్మార్ట్ మీటరు

నేను ఈసీఈ చదువుతున్నా. మాది రోలుగుంట మండలంలో కొండ మీది గూడెం. ఫోన్ మాట్లాడాలంటే గెడ్డ దాటి మలుపు దాకా నడవాలి. క్లాసులో స్మార్ట్ మీటర్ల పాఠం విన్నప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న: మా గూడెంలో మీటరు ఎవరితో మాట్లాడుతుంది?

దారులు ముఖ్యంగా రెండు. ఒకటి సెల్ టవర్. రెండోది ఆర్‌ఎఫ్ మెష్. అంటే లైసెన్స్ అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలతో ఒక మీటరు తన లెక్కను పక్క మీటరుకు, అది ఇంకోదానికి అందిస్తుంది. నోటి మాటగా కబురు చేరినట్టే. ఇళ్లు దగ్గరగా ఉండే చోట ఇది బాగానే నడుస్తుంది. రెండు గూడేల మధ్య కొండ అడ్డొస్తే గొలుసు తెగిపోతుంది.

అయితే మన దేశపు ప్రమాణం ఐఎస్ 15959లో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సిగ్నల్ పోయినా నెలవారీ లెక్కలు మీటర్లోనే భద్రంగా ఉంటాయి. మనిషి వచ్చి కేబుల్ పెట్టి తీసుకోవచ్చు. మన రాష్ట్రంలో ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం కదా. రెండు నెలల వాడకం ఒకే నెలలో వేస్తే ఆ గీత దాటినట్టు కనిపించొచ్చు. అందుకే "సిగ్నల్ లేదు, అందాజాగా వేశాం" అంటే ఊరుకోకండి. ఏ నెలది ఆ నెలకు చూపించమనండి.

మీటర్లు రాకముందే గ్రామసభలో అడుగుదాం: మా గూడేనికి ఏ దారి? ఇక్కడ సిగ్నల్ ఎవరు కొలిచారు? బీటెక్, ఐటీఐ చదివినోళ్లు మనలోనే ఉన్నారు. ఏ ఇంటి దగ్గర ఎంత అందుతుందో మనమే కాగితం మీద పెట్టి ఇద్దాం.