నతీజా తర్వాత నెల రోజులు

మా ఇండ్లల్ల పదో తరగతి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఆ పిల్ల దిక్కే చూస్తరు. దాదీ తస్బీ పట్టుకొని దువా చేస్తది, అమ్మీ ఇమామ్ సాబ్ దగ్గర పానీ దమ్ చేయించుకొస్తది, అబ్బా కొత్త పెన్నులు తెస్తడు. ఇమ్తెహాన్ అయిపోయిన తెల్లారి నుంచి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నతీజా వస్తది, మిఠాయి పంచుతరు, ఇగ ఆ తర్వాత సంగతి అల్లా మీద వేస్తరు. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత సంగతే.

మాది శంకర్‌పల్లి. 1874ల వాడి నుంచి సికింద్రాబాద్‌కు పడ్డ నిజాం రైలు పట్టా మీదున్న ఊరు. షెహర్ ఇప్పుడు మా గడప దాకా వచ్చింది. దొంతనపల్లిల ఇక్ఫాయ్ యూనివర్సిటీ ఉన్నది. మొయినాబాద్ దిక్కు పోతే ఎన్కేపల్లి, చిల్కూరు, అజీజ్‌నగర్, ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులే. మా మొహల్లా పిల్లలు ఆ బోర్డులన్నీ బస్సు కిటికీల నుంచి చదువుకుంట పెరిగినోళ్లు. గేటు లోపలికి పోయి చూసినోళ్లు తక్కువ. వాళ్ల అబ్బాలు వెల్డింగ్ చేస్తరు, పంచర్లు వేస్తరు, చేవెళ్ల పూలు, టమాటాలు ట్రాలీ ఆటోల్ల షెహర్‌కు తోలుతరు. కాలేజీ అంటే బయట నుంచి కనపడే గోడ.

మా భాయిజాన్ బిడ్డ 2024ల పదో తరగతి రాసింది. సర్కారీ స్కూల్. చలికాలం నుంచే స్పెషల్ క్లాసులు షురూ అయినయి, పొద్దుగాల ఒక గంట, సాయంత్రం ఇంకో గంట. ఆ యేడు మార్చి 12న మొదటి రోజా, 18న మొదటి పరీక్ష. ఆఖరి వారం సాయంత్రం క్లాసు విడిచి ఇంటికి వచ్చేసరికి ఇఫ్తార్‌కు ఖజూర్ చేతికి అందుకునేంత టైం కూడా ఉండకపోయేది. వాళ్ల లెక్కల సార్ ఆ సంగతి తనంతట తానే కనిపెట్టి, రోజా ఉన్న పిల్లలకు పొద్దుగాల సహర్ అయినాంక వచ్చేటట్టు క్లాసు మార్చిండు. ఎవరూ పోయి అడగలేదు. ఆ సార్ కోసం మా భాభీ ఈద్ రోజు షీర్‌ఖుర్మా డబ్బా పంపింది. ఇసొంటి ఉస్తాదులు ఉన్నరు కాబట్టే మా పిల్లలు పాస్ అవుతున్నరు.

పాస్ కావడానికి ఇంతెజాం చానా ఉన్నది. సియాసత్ అఖ్బార్ వాళ్లు యేండ్ల సంది పదో తరగతికి క్వశ్చన్ బ్యాంకులు ముఫ్త్‌గ పంచుతున్నరు. నిజాం కాలేజీల మైనారిటీల తాలీమీ సెంటర్ ఉన్నది, కోచింగ్ ఇప్పిస్తది. మస్జిద్ కమిటీలు ట్యూషన్లు పెట్టిస్తున్నయి. అంతా మంచిదే. గానీ ఈ మెహనత్ అంతా పరీక్ష హాలు గేటు దగ్గరే ఆగిపోతది.

ఏప్రిల్ 30న నతీజా వచ్చింది. మా పిల్లకు మంచి మార్కులు. మే మొదటి వారంల తాండూరు దిక్కు నుంచి పైగామ్ కూడా వచ్చింది. నికా ఇప్పుడు కాదు, బాత్ పక్కీ చేసుకుందాం అన్నరు. పదహారేండ్ల పిల్ల. భాయిజాన్ నా దగ్గరికొచ్చి కూసుండి, "చోటీ, పఢ్కే క్యా కర్తీ బోల్? ఇంకో రెండేండ్లు చదివిస్తే అంతకంటె ఎక్కువ చదివిన పిల్లగాణ్ని ఎక్కడ తేవాలె?" అన్నడు. ఆయన చెడ్డోడు కాదు. నాలుగో తరగతిల చదువు మానేసి దుకాణంల కూసున్న మనిషి. కాలేజీ అంటే ఆయనకు ఖర్చా, దూరం, తెలియని మనుషులు. ఇంకా ఏమన్నా ఉంటదని ఆయనకు చెప్పినోళ్లు ఎవరు?

భాభీ వంటింట్ల నుంచే జవాబిచ్చింది. "ఆపా, మీ భాయిజాన్‌ను అడుగున్రి, దుకాణం లెక్క రాసేది ఎవరు? పదేండ్ల సంది అదే రాస్తున్నది కద." భాయిజాన్ నవ్విండు గానీ మాట మార్చలేదు.

అయితే ఫారం అప్పటికే పడ్డది. పాలిసెట్‌కు నతీజా వచ్చే దాకా ఆగే పని లేదు, పది రాసినోళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల పరీక్షకైతే పది నతీజా రాకముందే ఫారం వేయాలె. బాసర ట్రిపుల్ ఐటీల పది మార్కుల మీదే సీటు, ఆరేండ్ల కోర్సు, సర్కారీ స్కూల్ల చదివినోళ్లకు కొంత వెయిటేజీ. ఇవన్నీ రోజా ఇఫ్తార్ల నడుమ, పరీక్షల ఫికర్ల నడుమ వచ్చిపోయే తారీఖులు. మా ఇండ్లల్ల ఆ తారీఖులు ఎవరి నోటి మీద ఉంటయి? స్పెషల్ క్లాసుల త్రికోణమితి చెప్తరు, ఇది చెప్పే పీరియడ్ లేదు.

కాగజాత్ సంగతి ఇంకో కథ. మా పిల్ల ఆధార్‌ల 'షేక్' అని ఉన్నది, పేరు చివర బేగం ఉన్నది. స్కూల్ రికార్డుల 'ఎస్‌కే', బేగం లేదు. భాయిజాన్ ఆధార్‌ల ముందర ఏమీ లేదు, ఉత్త పేరు. మన ఖాందాన్లల్ల ఈ పేర్ల తమాషా లేని ఇల్లు ఉన్నదా చెప్పున్రి? మొహమ్మద్ ఒకచోట 'ఎండీ' అయితది, ఇంకోచోట పూరా మొహమ్మద్ అయితది. 2007 చట్టంతోటి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది, షేక్‌లు దాంట్ల ఉన్నరు, సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు లేరు. షేక్ అని రుజువు చేసుకోవడానికి అబ్బా పాత స్కూల్ కాగితం కావాలె. నాలుగో తరగతిల బడి మానేసినాయన కాగితం యాడ దొరుకుతది? మూడు రోజులు దుకాణం మూసి తిరిగి తెచ్చిండు. నా ఉద్దేశంల భాయిజాన్ మనసు మారింది ఆ మూడు రోజులల్లనే. కాగితం కోసం ఎండల తిరిగిన మనిషికి ఆ సీటు మీద హక్కు పుట్టింది.

షికాగోల ఉండే మా ఖాలేరీ బెహన్‌తోటి ఫోన్ల ఈ ముచ్చట చెప్తే ఆమె వాళ్ల మొహల్లా పిల్లల సంగతి చెప్పింది. అమెరికాల 1965ల గరీబీ మీద జంగ్ అని సర్కారు షురూ చేసిన పథకాలల్ల అప్‌వర్డ్ బౌండ్ అని ఒకటి ఉన్నది. అమ్మానాన్నలు కాలేజీ మొహం చూడని గరీబు ఇండ్ల పిల్లలకు హైస్కూల్ నుంచే బడి తర్వాత చదువు చెప్తరు, ఎండాకాలం కొన్ని వారాలు కాలేజీ క్యాంపస్‌లనే ఉంచుకుంటరు. హాస్టల్ల పండుకుంటరు, మెస్‌ల తింటరు, లైబ్రరీల కూసుంటరు. కాలేజీ దరఖాస్తులు, స్కాలర్‌షిప్ ఫారాలు దగ్గరుండి నింపిస్తరు. అమెరికాను పొగడాలని రాస్తలేను, అక్కడ కాలేజీ ఫీజుల అప్పుల సంగతి వింటే కండ్లు తిరుగుతయి. గానీ ఆ ఒక్క ఆలోచన నాకు నచ్చింది. పిల్లను ముందుగాల గేటు దాటించున్రి, మిగిలిన డర్ దానంతట అదే పోతది.

మన దగ్గర దానికి దగ్గరగా వచ్చింది గురుకులాలే. 2016ల తెలంగాణ సర్కారు 71 మైనారిటీ గురుకులాలతోటి మొదలుపెట్టింది, తర్వాత అవి 204 అయినయి. అయిదో తరగతి నుంచి హాస్టల్, ఇంగ్లీష్ మీడియం, ఖర్చా లేదు. అక్కడి పిల్లకు ఫారం తారీఖు తన బెంచీ దగ్గరికే వస్తది. పదేండ్ల పిల్లను హాస్టల్‌కు పంపనని మా దాదీ అడ్డం పడ్డది కాబట్టి మా పిల్ల పోలేదు. అట్ల ఇంటి పట్టున ఉండి చదివే పిల్లలే ఎక్కువ. వాళ్ల కోసం ఏమున్నది?

మన చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు మే నెలల సగం ఖాళీగనే ఉంటయి. ఒక వారం రోజులు, శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ సర్కారీ స్కూళ్ల పదో తరగతి పిల్లలను లోపలికి రానిస్తే వాళ్లకు పోయేదేమున్నది? ల్యాబ్ చూపెట్టున్రి, మన ఊరి దిక్కు నుంచి వచ్చి చదివే ఒక పిల్లతోటి మాట్లాడించున్రి. అబ్బాలను కూడా పిలువున్రి, ముఖ్యంగా అబ్బాలను. ఊర్లల్ల లక్షన్నర, పట్నాలల్ల రెండు లక్షల లోపు ఆమ్దనీ ఉంటే ఫీజు వాపస్ ఉన్నదని, సయ్యద్ అయినా పఠాన్ అయినా మైనారిటీ కింద అది దొరుకుతదని, హాజరీ 75 శాతం తగ్గొద్దని ఒక పెద్దమనిషి కుర్చీల కూసుండి చెప్తే వాళ్లు నమ్ముతరు. నేను చెప్తే చెల్లె మాట, ఒక చెవిల విని ఇంకో చెవిల వదిలేస్తరు.

మా పిల్లకు షెహర్‌ల పాలిటెక్నిక్ సీటు వచ్చింది, ఎలక్ట్రానిక్స్. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు బస్సు ముఫ్త్ కాబట్టి రోజూ ఛార్జీల లొల్లి లేదు. మొదటి నెల భాయిజాన్ రోజూ బస్ స్టాప్ దాకా పోయి నిలబడ్డడు. ఇప్పుడు పోతలేడు. డిప్లొమా అయినాంక ఈసెట్ రాస్తే సీదా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంల చేరొచ్చని ఆయనే దుకాణంకొచ్చినోళ్లకు చెప్తున్నడు. తాండూరు వాళ్లకు ఏం జవాబిచ్చిండో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

రెండేండ్ల సంది ఎండాకాలం అసర్ నమాజ్ అయినాంక మా ఇంటి వరండాల చాప పరుస్తున్న. నలుగురైదుగురు పిల్లలు వస్తరు, వెంట అమ్మీలు వస్తరు. నాకు తెలిసిన కాడికి ఫారాలు నింపుత, తెలియనిది ఫోన్ చేసి కనుక్కుంట. ఈసారి కూడా కూసుంట. వచ్చేటోళ్లు పిల్ల ఆధార్, స్కూల్ బోనఫైడ్, అబ్బా ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ పట్టుకొని రాండ్రి. పేర్లు నాలుగిట్ల ఒకే తీరు ఉన్నయా లేవా, ఇయాల రాత్రే తీసి చూసుకోన్రి. తేడా ఉంటే పరీక్షలు అయ్యే దాకా ఆగకున్రి.