మలుపులో రెండు చక్రాలు

ఎడ్లబండి ఇరుసు తిరగదు, చక్రాలే తిరుగుతాయి. అందుచేత బండి పొలం గట్టున మళ్లేటప్పుడు లోపలి చక్రం నిదానంగానూ, వెలుపలి చక్రం వేగంగానూ తిరుగుతాయి. వాటి మధ్య తగవు లేదు. బండిని లాగేది ఎడ్లు గనుక చక్రాలకు దొర్లడం తప్ప వేరే పని లేదు. శక్తి బండిలోనే పుట్టి, ఇరుసు ద్వారా చక్రాలకు చేరవలసి వచ్చిన నాడే చిక్కు మొదలైంది.

వెనుక చక్రాల మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం. వాహనం లంబకోణంలో మలుపు తిరిగితే వెలుపలి చక్రం లోపలి దానికంటే సుమారు 157 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి నేలను రాసుకుంటూ జారక తప్పదు. ఫ్రాన్సు దేశీయుడు ఒనెసిఫోర్ పెకర్ 1827లో పేటెంటు పొందిన డిఫరెన్షియల్ ఈ చిక్కును విడదీసింది. కాడిని నడిమి కట్టు దగ్గర పట్టి లాగినట్లే అది పనిచేస్తుంది. ఒక ఎద్దు ముందడుగు వేసినా, మరొకటి వెనుకబడినా కాడి వాలుతుందే గాని బండి ఆగదు.

పటాన్‌చెరు దాటి లక్డారం క్వారీల వైపు మళ్లే కంకర టిప్పర్ల వెనుక ఇరుసు నడుమ కుండవలె ఉబ్బి కనిపించేది ఆ డిఫరెన్షియలే. అయితే దాని సమదృష్టి ఒక్కొక్కప్పుడు కీడు చేస్తుంది. వానకాలం బాటలో ఒక చక్రం బురదలో దిగబడితే అది మాత్రమే గిర్రున తిరుగుతుంది; గట్టి నేలమీది చక్రం కదలదు. ఇరువైపులా సమానమైన బలాన్నే పంచడం దాని స్వభావం. బురద చక్రం ఏ బలాన్నీ నిలుపుకోలేదు గనుక రెండవ దానికీ దక్కేది శూన్యమే. ట్రాక్టరులో డిఫరెన్షియల్ లాకు పెట్టింది ఇందుకే.

1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ రూపొందించిన గో-కార్టు ఈ వాదాన్నంతటినీ పక్కకు నెట్టిన వాహనం. పందెపు కార్టుకు స్ప్రింగులూ ఉండవు, డిఫరెన్షియలూ ఉండదు. ఒకే ఉక్కు ఇరుసు రెండు చక్రాలనూ తిప్పుతుంది. మరి మలుపు ఎలా? స్టీరింగు తిప్పగానే ముందు చక్రాల వాలు వల్ల లోపలి ముందుమూల పైకి లేస్తుంది. దానితో లోపలి వెనుక చక్రం నేలను వదిలీ వదలనట్లుగా తేలికపడుతుంది. తేలిన చక్రానికి జారుడు బాధ లేదు. ఇంతటి యుక్తి ఇంత చౌకగా మరెక్కడా కనబడదు.

లేతులకూ, వెల్డింగు షెడ్లకూ కొదవ లేని ఈ పారిశ్రామిక ప్రాంతంలో సొంతంగా కార్టు కట్టబూనే యువకులకు మూడు దారులున్నాయి. ఒక్క చక్రానికే చైను తగిలించడం అన్నింటికంటె సులభం. కాని పట్టు సగమవుతుంది. నున్నని తారునేలకు ఒకే ఇరుసు మేలు. గుంతల నేలమీద తిరిగే బరువైన బండికి ఆటోలోని గేరుపెట్టెను డిఫరెన్షియల్‌తో సహా అమర్చుకోవచ్చు. బరువు పెరుగుతుంది, కీళ్లున్న రెండు సగం ఇరుసులు కావాలి. తేలికపాటి కార్టులో డిఫరెన్షియల్ పెట్టడం గొప్పకే గాని అవసరానికి కాదు. పైగా లోపలి చక్రం నేలను వదిలితే బురదలోని టిప్పరు గతే దానికీ పడుతుంది.

ఎంపిక ఏదైనా బ్రేకును మరువరాదు. ఒకే ఇరుసు ఉన్నచోట ఒక్క డిస్కు బ్రేకు రెండు వెనుక చక్రాలనూ ఆపుతుంది. ఇరుసు రెండుగా చీలితే ఆ ధీమా పోతుంది. ఒక సగానికే బ్రేకు పెడితే రెండవ చక్రం దొర్లుతూనే ఉంటుంది. వేగంలో నొక్కితే బండి ఒక ప్రక్కకు గుంజుకుపోతుంది. కాబట్టి బండిని షెడ్డు దాటించకముందే వెనుక భాగాన్ని గట్టి దిమ్మెలపై ఎత్తి నిలిపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టగా మరొకరు చక్రాలను ఒక్కొక్కటిగా చేతితో తిప్పి చూడాలి. ఏ ఒక్కటి తిరిగినా ఆ పూటకు ఇంజను ఊసెత్తకూడదు.