వాఙ్మూలం లేని ముద్దాయి

అపరాధ పరిశోధన కథలు వ్రాసేవానికీ చదివేవానికీ మధ్య ఒక ఒడంబడిక ఉన్నది. ప్రతి ఆనవాలునూ పరీక్షించవలెను. ప్రతి సాక్షినీ ప్రశ్నించవలెను. విచారణ లేకుండ ఎవరిపైననూ దోషం మోపరాదు. ఈ నీతిని లోకానికి నేర్పిన పరిశోధకులలో అగ్రగణ్యుడైన షెర్లాక్ హోమ్స్ ఒక్క పట్టున దానిని మరచిపోయినాడు. ఆ పట్టు అండమాను దీవులకు సంబంధించినది.

ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో ప్రకటించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో ప్రతినాయకులు ఇద్దరు. మొదటివాడు జోనథన్ స్మాల్ అనే ఒంటికాలి ఆంగ్లేయుడు. 1857 తిరుగుబాటు కాలంలో ఆగ్రా కోటలో ధనం కోసం జరిగిన హత్యలో పాలుపంచుకొని, ద్వీపాంతరవాస శిక్ష పొంది, అండమానులో మౌంట్ హారియట్ వాలున ఉన్న హోప్ టౌనులో కాలం గడిపినాడు. రెండవవాడు టోంగా. అడవిలో జబ్బుపడి చావుకు సిద్ధమైన ఈ ఆదిమవాసిని స్మాల్ బ్రతికించినాడు. ఆ కృతజ్ఞతతో అతడు స్మాల్ వెంట లండన్ దాకా వచ్చినాడు.

లండన్‌లో హత్య జరిగిన గదిలో హోమ్స్ చిన్న పాదముద్రను కొలుస్తాడు. విషపు ముల్లును పరిశీలిస్తాడు. క్రియొసోటు వాసన పట్టిన కుక్క వెంట వీథులన్నీ తిరుగుతాడు. అంతటి జాగరూకుడు, హంతకుని జాతిని నిర్ణయించవలసి వచ్చినప్పుడు మాత్రం ఒక గెజెటీరు తీసి చదువుతాడు. అండమాను వాసులు క్రూరులనీ, నరమాంసభక్షకులనీ, విషబాణాలు వేస్తారనీ అందులో ఉన్నది. అదే ఆయనకు ప్రమాణం. వ్రాసినవాడు కండ్లతో చూచి వ్రాసినాడా, చెవులతో విని వ్రాసినాడా అని హోమ్స్ అడగలేదు.

అడిగి ఉన్నట్లయితే సమాధానం లండన్‌లోనే దొరికేది. నేడు శ్రీ విజయపురమని పిలువబడే పోర్టు బ్లెయరులో ఉద్యోగిగా ఉండి, ఆదిమవాసులతో ఏండ్ల తరబడి మెలగి, వారి భాష నేర్చిన ఇ. హెచ్. మాన్ అనే ఆంగ్లేయుడు తన పరిశీలనలను 1883 నాటికే, అనగా నవలకు ఏడేండ్ల ముందే, అక్కడి మానవశాస్త్ర పత్రికలో ప్రకటించి ఉన్నాడు. నరమాంసభక్షణ అనే నిందను ఆయన త్రోసిపుచ్చినాడు. ఆ జనం విల్లంబులతో వేటాడేవారు. అంబులకు విషం పూయడం వారి వాడుక కాదు. నవలలో టోంగా చేతికిచ్చిన ఊదుగొట్టం వారి ఆయుధమే కాదు. పదమూడవ శతాబ్దిలో మార్కో పోలో ఆ దీవిలో కుక్కతలల నరభక్షకులు ఉన్నారని చెప్పినాడు. ఆరు శతాబ్దాల పుకారు చివరకు గెజెటీరు అట్టల మధ్య చేరి శాస్త్రమైనది.

చిత్రమేమంటే, అసలు ఆనవాలు నవలలోనే ఉన్నది. పట్టుబడిన పిదప స్మాల్, పొట్ట పోసుకొనడానికి టోంగాను సంతలలో నల్ల నరభక్షకుడని చూపి డబ్బు సంపాదించినట్లు చెబుతాడు. పచ్చిమాంసం తినడమూ, యుద్ధనృత్యం చేయడమూ చూపరుల కాసుల కోసం వేసిన వేషాలు. హోమ్స్ ఈ మాట విన్నాడు, విని ఊరకున్నాడు.

గ్రనడా టెలివిజన్ 1987లో ఈ కథను చిత్రంగా ప్రసారం చేసినప్పుడు జెరెమీ బ్రెట్ హోమ్స్ పాత్రనూ, జాన్ థా స్మాల్ పాత్రనూ ధరించినారు. అదే సంవత్సరం థా మరొక ధారావాహికలో ఇన్‌స్పెక్టర్ మోర్స్ అనే పరిశోధకునిగా కూడ కనిపించినాడు. అంతటి నటుడు నోరు విప్పడంవల్ల స్మాల్ పగలోని బాధ ప్రేక్షకునికి అర్థమవుతుంది. కిరణ్ షా ధరించిన టోంగాకు ఆ భాగ్యం లేదు. విచారణ ఆరంభం కాకమునుపే అతడు గుండు దెబ్బకు థేమ్స్ నదిలో పడిపోతాడు.

చరిత్రలో జరిగిన కథ వేరు. 1858లో ఖైదీల వలస ఏర్పడిన కొద్దికాలానికే దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ పారిపోయినాడు. ఆదిమవాసులు మొదట అతనిని గాయపరచినా, తరువాత తమలో చేర్చుకొని పెండ్లి కూడ చేసినారు. దాదాపు ఏడాదిపాటు వారి ఆశ్రయంలో బ్రతికిన ఆ మనిషి, 1859లో వారు దండెత్తి వస్తున్నారన్న వార్తను దొరలకు ముందుగా అందించి క్షమాభిక్ష పొందినాడు. అబర్డీన్ పోరులో విల్లంబులు తుపాకులకు ఓడిపోయినవి. ఆపై 1877 నాటి తట్టు మొదలైన అంటురోగాలు వచ్చిపడినవి. ఒకప్పుడు వేలసంఖ్యలో ఉండిన గ్రేట్ అండమానీయులు 1901 జనగణన నాటికి 625 మంది. 1961 నాటికి 19 మంది. నేడు మిగిలిన కొన్ని పదులమందికి వాడుక భాష హిందీ.

2010లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు మరణించడంతో 'బో' భాష మాట్లాడేవారు లేకపోయినారు. అయితే భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బీ అంతకుముందే ఆమె మాటలనూ, పాటలనూ ధ్వనిముద్రణ చేసి భద్రపరచినారు. టోంగా జాతిని గూర్చి తెలుసుకొనగోరే పరిశోధకుడు గెజెటీరు మూసి, ముందుగా వినవలసిన సాక్ష్యం అది.