ముందు గుమ్మం కొలవండి

తెనాలిలో మా నాన్నది సైకిల్ షాపు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూడటం నాకు పలక మీద అక్షరాలు దిద్దకముందే వచ్చు. ఆ విద్య ఇంగ్లండులో నాకు కూడు పెడుతుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నాన్నే ముందు నవ్వేవాడు. నా భార్యకు నర్సు ఉద్యోగం రావడంతో షెఫీల్డ్ వచ్చాం. ఆమెకు డ్యూటీ ఉంది, నాకు లేదు. చిన్నపిల్లల సామాన్ల దుకాణంలో వెనకగదిలో బండ్లు బిగించడానికి మనిషి కావాలంటే చేరాను. పద్నాలుగేళ్లయింది. ఇప్పుడు బిగిస్తాను, బాగుచేస్తాను, అమ్ముతాను కూడా.

పిల్లల్ని కూర్చోబెట్టి తోసే ఈ బండిని ఇక్కడివాళ్లు పుష్‌చెయిర్ అంటారు, బగ్గీ అంటారు. మనవాళ్లు అమెరికా చుట్టాల నోట విన్న మాట పట్టుకుని స్ట్రోలర్ అంటారు. అందులో నాలుగు చక్రాలవీ ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి. నన్ను ఎక్కువ సతాయించేదీ, నాకు ఎక్కువ ఇష్టమైనదీ మూడు చక్రాలదే.

పోయిన అక్టోబరులో ఒక కుటుంబం వచ్చింది. నరసరావుపేట వాళ్లు. అమ్మాయికి ఎనిమిదో నెల. వాళ్లమ్మగారు ఆరు నెలల వీసా మీద పురుడు పోయడానికి వచ్చారు. కుర్రాడు లోపలికి వస్తూనే ముందు పెద్ద చక్రం ఉన్న బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"అన్నా, ఇదే. శనివారం పార్క్‌రన్‌కి బేబీని తీసుకెళ్లొచ్చు."

ఎండ్‌క్లిఫ్ పార్కులో శనివారం పొద్దున తొమ్మిదింటికి ఐదు కిలోమీటర్ల పరుగు ఉంటుంది. బిడ్డను బండిలో పెట్టుకుని పరుగెత్తేవాళ్లూ వస్తారు.

"ఇప్పుడు వెళ్తున్నావా తమ్ముడూ?"

"ఇప్పుడు కాదన్నా. పుట్టాక మొదలుపెడదామని."

ఇలాంటి మాట విన్నప్పుడల్లా నాకు నవ్వాగదు. జనం తాము బతికే బతుక్కి కాకుండా, బతకాలనుకునే బతుక్కి బండి కొంటారు. అయినా పరుగు అనే మాటతోనే ఈ బండి పుట్టింది కాబట్టి అతన్ని తప్పుపట్టలేను. 1984లో అమెరికాలోని యాకిమా అనే ఊళ్లో, పత్రికలో పనిచేసే ఫిల్ బేక్లర్ పరుగూ మానలేక, కొడుకునూ వదల్లేక, పిల్లల బండికి సైకిల్ చక్రాలు బిగించాడు. జాగింగ్ బండికి మొదలు అది. నాకు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం. సైకిల్ షాపు బుర్ర కదా.

అసలు పరుగు బండికి ముందు చక్రం తిరగదు, బిగిసి ఉంటుంది. మలుపు తిప్పాలంటే హ్యాండిల్ నొక్కి ముందు భాగాన్ని లేపి తిప్పాలి. బజార్లో అలా కుదరదు కాబట్టి ఇప్పటి వాటికి ముందు చక్రం గిరగిరా తిరుగుతుంది. పరుగెత్తేటప్పుడు పిన్ను వేసి బిగించుకోవాలి. పిన్ను వేయకుండా పరుగెత్తితే ఆ చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది, చిన్న రాయి తగిలినా అడ్డం తిరుగుతుంది. పైగా బిడ్డకు మెడ నిలవాలి. ఆరు నెలల లోపు పరుగు వద్దని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ మాట చెప్పేసరికి కుర్రాడి ముఖం చిన్నబోయింది.

"అయితే ఆరు నెలలదాకా ఇది తోసేదెవరు?" అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి చూపులన్నీ పెద్దావిడ మీద ఆగాయి. అమ్మాయికి కుట్లు మానాలి. అబ్బాయికి ఆఫీసు.

ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మూడు చక్రాల బండి మనకు తెలియందా నాయనా. మా ఇంట్లో కొయ్యది ఉండేది. కాకపోతే దాన్ని పిల్లోడు తోసేవాడు. ఇక్కడ పిల్లోణ్ణి మనం తోయాలా?" అన్నారు.

ఆవిడ సరిగ్గా ఐదడుగులు ఉండరు. నేను హ్యాండిల్ పక్కనున్న మీట నొక్కి నాలుగు మెట్లు కిందికి దించాను. తోసేవాళ్ల మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలి. చేతులు భుజాలదాకా లేస్తే షెఫీల్డ్ ఎత్తుల్లో పావుగంటకే నడుం పట్టేస్తుంది. ఈ ఊరు ఏడు కొండల మీద ఉందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. మన ఏడుకొండలు కావు, అయినా ఎక్కేటప్పుడు దేవుడు గుర్తొస్తాడు. 2014లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందేన్ని ఇక్కడి జెంకిన్ రోడ్డు ఎక్కించారు. అంతటి పందెగాళ్లే ఆపసోపాలు పడ్డ రోడ్డు అది.

నా పద్ధతి ఒకటుంది. సీట్లో పది కిలోల సోనా మసూరి బస్తా పెట్టి బెల్టులు బిగిస్తాను. ఖాళీ బండి షాపులో ఎవరి చేతిలోనైనా హంసలా నడుస్తుంది. బరువు పడ్డాకే దాని గుణం తెలుస్తుంది. దుకాణం బయట చిన్న వాలు ఉంది, అక్కడికి తీసుకెళ్లి తోయమంటాను. పెద్దావిడ తోశారు. ఒక చేత్తో కూడా తోసి చూశారు. "బియ్యం మూట ఏడవదు కదా నాయనా" అన్నారు కానీ, బండి నచ్చినట్టే ఉంది.

మూడు చక్రాల సుగుణం అక్కడే తెలుస్తుంది. ముక్కాలిపీట ఎలాంటి నేల మీద వేసినా కుదురుగా నిలుస్తుంది. నాలుగు కాళ్ల బల్లకే అడుగున అట్టముక్క పెట్టాలి. ఇదీ అంతే. గతుకుల్లో మూడు చక్రాలూ నేలను వదలవు. వెనక ఇరుసు మీద భారం వేసి హ్యాండిల్ కొంచెం నొక్కితే ముక్కు లేచి అరుగు ఎక్కేస్తుంది. పార్కులో గడ్డి, తడిసిన ఆకులు, కాలవ గట్టున కంకర, అన్నిటికీ దాని పెద్ద చక్రాలు సరే అంటాయి.

దోషం కూడా ఆ మూడులోనే ఉంది. ఆటో ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు, మలుపులో ఏ మూలకు ఒరుగుతుందో. కాలిబాట అంచు నుంచి రోడ్డు మీదికి నిటారుగా దిగితే భయం లేదు. ఏటవాలుగా దిగితే ముందున్న ఒక్క చక్రం పడిపోతుంది, ఆ పక్కన ఆదుకునే రెండో చక్రం లేదు. ఇది మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకే బస్తా పెట్టి అంచు దింపిస్తాను. ఒకసారి బండి ఒరిగి, చెయ్యి ఝల్లుమంటే, ఇక జన్మలో మర్చిపోరు.

ఇంకో జబ్బు మన ఇళ్లలోనే ఎక్కువ చూశాను. హ్యాండిల్‌కి సంచులు తగిలించడం. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి బియ్యం, పప్పు, ఆనపకాయ అన్నీ హ్యాండిల్‌కే వేలాడతాయి. బిడ్డ బరువు ఉన్నంతసేపూ బండి ఊరుకుంటుంది. బిడ్డను ఎత్తుకున్న మరుక్షణం వెనక్కి దభీమని పడుతుంది. సామాను వేయడానికి కింద బుట్ట ఉంది. దానికీ హద్దు ఉంది, చాలావాటికి ఐదు కిలోలు.

ఇన్ని చెబుతున్నాను కానీ, చేరిన కొత్తలో నేనే ఒకరి కొంప ముంచాను. నెల్లూరు జంట. బండి చూసి ముచ్చటపడ్డారు, నేనూ ఉత్సాహపడ్డాను. ఎక్కడుంటారని అడగలేదు. మూడు వారాలకు ఆ అమ్మాయి ఒక్కతే వానలో బండి తోసుకుంటూ వచ్చింది. వాళ్లది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బండి పదమూడు కిలోలు. బిడ్డను పైన మంచంలో పడుకోబెట్టి కిందికి పరుగున వచ్చి బండి మోసుకెళ్లేదట. బిడ్డ ఏడుపు మెట్ల మీదికి వినపడేదట. ఇక బస్సు సంగతి. బస్సులో మన బండి నిలిచేది చక్రాల కుర్చీకి కేటాయించిన చోట. కుర్చీలో మనిషి వస్తే ఆ చోటు వాళ్లది. డ్రైవరు ఒక మాట అడిగి ఊరుకుంటే చాలదని 2017లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. న్యాయమే. కానీ ఈ అమ్మాయికి ఒక చేతిలో బిడ్డ, భుజాన సంచి. నేనమ్మిన బండి మడవాలంటే ముందు సీటు ఊడదీయాలి. బస్సంతా చూస్తుండగా మడవలేక దిగిపోయి రెండు మైళ్లు నడిచింది.

ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నయ్యా, ఇది మార్చి ఇవ్వడం కుదురుతుందా?" అంది. మార్చి ఇచ్చాను, తేడా డబ్బు కొంత నా జీతంలో కోయించుకుని. ఆమెకిచ్చింది గొడుగులా మడిచే తేలిక బండి. దాని తాత ఓవెన్ మెక్లారెన్ చేసినది. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కింది చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు ఆయన. కూతురు బరువైన బండితో పడే పాట్లు చూసి, 1965లో మూడు కిలోలు కూడా తూగని మడత బండి తయారుచేశాడు. మూడు చక్రాల బండి ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు. పది కిలోలకు తగ్గేది అరుదు. మడిచినా ముందు చక్రం ముక్కులా బయటికి పొడుచుకుని ఉంటుంది.

అప్పటినుంచి రంగులు చూపించకముందే కొలతలు అడుగుతాను. గుమ్మం ఎంత, లోపలి నడవా ఎంత? ఈ ఊరి పాత వరస ఇళ్లలో తలుపు తీయగానే మెట్లూ నడవా ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మూడు చక్రాల బండి వెనక ఇరుసు అరవై నుంచి అరవై అయిదు సెంటీమీటర్లు. గుమ్మంలో పట్టి, నడవాలో తిరగకపోతే రాత్రంతా వానలో ఉండాలి. కారుంటే కారు తెచ్చుకోమంటాను. డిక్కీలో పెట్టి మూత వేసి చూస్తేనే లెక్క. నరసరావుపేట వాళ్లది వాక్లీలో కిందింటి వాటా, నడవా డెబ్భై ఎనిమిది. కారు ఉంది. బస్సు పని తక్కువ. ఇల్లు మాత్రం నిట్టనిలువు వీధిలో.

వాలు వీధి అనగానే నా నోరు బ్రేకుల మీదికి పోతుంది. కాలితో వేసే బ్రేకు నిలిపినప్పటికి. దిగుడులో నడిచేటప్పుడు చేతి బ్రేకు ఉన్నది కావాలి, సైకిల్ బ్రేకులాంటిదే, తీగ లాగితే పట్టేది. దానికి తోడు మణికట్టుకు తగిలించుకునే పట్టీ. అదేదో అలంకారమని జనం మడిచి లోపల దోపేస్తారు. 2009 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో ఒక స్టేషన్లో బండి తల్లి చేతిలోంచి జరిగి, వస్తున్న రైలు ముందు పట్టాల మీద పడింది. నుదుటిన బొప్పితో బిడ్డ బతికింది. ఆ సంగతి చెప్పి పట్టీని పెద్దావిడ చేతికి నేనే తగిలించాను. "గాజులకి అడ్డం పడుతుంది" అని సణిగారు. తీయలేదు.

చివరికి మిగిలింది టైరు. ఫోము టైరుకు పంక్చరు లేదు, మెత్తదనమూ లేదు. గాలి టైరు గతుకు మింగేస్తుంది, పంక్చరు అవుతుంది. ఇక్కడ పొలం గట్లనీ కాలవ గట్లనీ హాథార్న్ అనే ముళ్లకంచె ఉంటుంది. వేసవి వెళ్లాక కత్తిరిస్తారు. ఆ వారాల్లో నా బల్ల మీద పన్నెండంగుళాల ట్యూబులు వరసగా ఉంటాయి. మనకు పల్లేరు కాయ ఎలాగో వీళ్లకు ఆ ముల్లు అలాగ. ట్యూబు తీసి నీళ్లలో ముంచుతాను, బుడగ లేచిన చోట సుద్ద గుర్తు పెట్టి ఆరబెట్టి రుద్ది అతికిస్తాను. కొత్త కుర్రాళ్లు అక్కడితో టైరెక్కించేస్తారు. నాన్న ఎక్కించనిచ్చేవాడు కాదు. టైరు లోపల వేలితో నెమ్మదిగా చుట్టూ తడమాలి. ముల్లు విరిగి లోపలే ఉంటుంది, దొరికేదాకా వదలకూడదు. లేకపోతే మర్నాడు అదే మనిషి, అదే బండి. గాలి మాత్రం చేతి పంపుతోనే కొట్టుకోండి. పెట్రోలు బంకు గాలికి ఈ చిన్న ట్యూబు క్షణంలో పేలుతుంది.

వాళ్లు గాలి టైర్లు, చేతి బ్రేకు ఉన్న మూడు చక్రాలదే తీసుకున్నారు. డబ్బు కట్టబోతుంటే పెద్దావిడ అల్లుడి చెయ్యి పట్టుకుని ఆపేశారు. "పుట్టకముందే కొనకూడదు. ఇంటికి అసలే తేకూడదు." కుర్రాడు ఇబ్బందిగా నా వైపు చూశాడు. ఇంగ్లీషు వాళ్ల పెద్దవాళ్లకూ అదే పట్టింపు ఉందని, అందుకే బండ్లను పురుడయ్యేదాకా మా వెనకగదిలోనే ఉంచుతామని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. లోపలికి తీసుకెళ్లి చూపించాను. పేర్లు రాసిన చీటీలతో పదకొండు బండ్లు గోడవారగా నిలబడి ఉన్నాయి. వాటిని చూశాక వీళ్ల మీద కొంచెం గౌరవం కలిగినట్టుంది.

డిసెంబరులో ఫోన్ వచ్చింది. ఆడపిల్ల. ముందు చక్రంలో గాలి దిగి ఉంటే కొట్టి, ఇరుసులో టక్కుమని పడేదాకా నొక్కి, ఊడి వస్తుందేమోనని రెండుసార్లు లాగి చూసి సిద్ధంగా పెట్టాను. తీసుకెళ్లడానికి అల్లుడితో పెద్దావిడే వచ్చారు. కోటు జేబులోంచి నిమ్మకాయలు తీశారు. నాలుగు.

"కారుకి నాలుగు పెడతాం. దీనికి మూడేనా నాయనా?"

మూడే అన్నాను. చక్రానికొకటి పెట్టి బండి ముందుకు తోశారు. వెనక రెండూ చితికాయి. ముందుది మాత్రం చక్రం తిరిగిపోయి జారి, బొమ్మల అర కిందికి దొర్లిపోయింది. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను చూశారు. నేను వంగి ముందు చక్రానికి పిన్ను వేశాను. ఆవిడ నాలుగో నిమ్మకాయ తీశారు.