అడగందే అమ్మయినా పెట్టదు!

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే చాలు... మూడో ఏడాది వచ్చేసరికి చుట్టపక్కాలందరిదీ ఒకటే ప్రశ్న. 'క్యాంపస్‌లో ఏమైనా వచ్చేలా ఉందా?' చీరాల జాండ్రపేటలోని ఆ నేత ఇంట్లోనూ అదే ప్రశ్న. జవాబు చెప్పాల్సిన అమ్మాయేమో ఇంకేదో చెబుతోంది. వేసవిలో ఇంటి దగ్గరే ఉండి, ఎక్కడెక్కడి దేశాలవాళ్లతోనో కలిసి సాఫ్ట్‌వేర్ రాస్తుందట. దారి చూపడానికి ఓ గురువు ఉంటారట. పైగా డబ్బులు కూడా వాళ్లే ఇస్తారట!

''మనం కట్టాల్సిందెంత?'' మగ్గం ఆపకుండానే అడిగాడు నాన్న.

''ఏమీ లేదు నాన్నా.''

''ఊరికే ఎవరిస్తారమ్మా?''

ఆయన అనుమానంలో తప్పులేదు. ఉద్యోగమని చెప్పి ముందే సొమ్ము కట్టించుకుని, తర్వాత ఫోన్ ఎత్తనివాళ్ల కథలు ఏ ఊళ్లో లేవు గనక! అయితే ఇది ఆ బాపతు కాదు. దీని పేరు 'గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్'. 2005లో మొదలైంది. అప్పట్లో విద్యార్థులకు మాత్రమే. 2022 నుంచి, 18 ఏళ్లు నిండి ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న ఇతరులకూ తలుపులు తెరిచారు. దరఖాస్తుకు రుసుము లేదు. పని 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు... ఇలా మూడు రకాలు. భృతి ఎంతనేది దేశాన్ని బట్టి, పనిని బట్టి ఉంటుంది. అదీ ఒకేసారి ఇవ్వరు. సగం పనయ్యాక కొంత, పూర్తయ్యాక మిగిలింది. రెండుసార్లూ గురువు 'పని బాగుంది' అని చెప్పాల్సిందే.

ఇంతకీ రాసేదేమిటి? ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అంటే దాని లోపలి రాత అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు. చీరాల పక్కనే ఉన్న వేటపాలెం వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 1918లో ఊళ్లోని యువకులు పూనుకుని మొదలుపెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం నడిచిందీ ఇలాంటి నమ్మకం మీదే. తలా ఒకటి తెచ్చిపెడితే అందరికీ అన్నీ దొరుకుతాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఆధారమైన లినక్స్, సినిమాలు చూసే వీఎల్‌సీ, వికీపీడియాను నడిపే మీడియావికీ... అన్నీ ఇలా పెరిగినవే.

దరఖాస్తు చేయడం తేలికే. ఎంపిక కావడమే కష్టం. 2025లో 15 వేల మందికి పైగా పోటీపడితే అవకాశం దక్కింది దాదాపు 1,280 మందికి. అంటే పన్నెండు మందిలో ఒక్కరికి!

మరి ఆ ఒక్కరు ఎవరు? ఈ పథకం మొదలైన తొలి పదేళ్లలో ఎక్కువమంది విద్యార్థులను పంపింది అమెరికా విశ్వవిద్యాలయం కాదు, శ్రీలంకలోని మొరటువా విశ్వవిద్యాలయం. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పేరూ ముందు వరుసలో చాలాసార్లు కనిపించింది. ఇలాంటి చోట ఒక వెసులుబాటు ఉంటుంది. నిరుడు ఎంపికైన సీనియర్ పక్క గదిలోనే ఉంటాడు. తలుపు తట్టి అడిగితే చాలు. చిన్న ఊళ్లో ఆ పక్క గది ఉండదు. ముక్కూ మొహం తెలియనివాళ్లనే అడగాలి. అదీ నలుగురూ చదివే చోట, ఇంగ్లిషులో!

జాండ్రపేట అమ్మాయికి ఎదురైన మొదటి గోడ అదే. ఆగస్టులో తనకు నచ్చిన ఓ ప్రాజెక్టు ఎంచుకుంది. 'సర్, నాకు ఆసక్తి ఉంది. దయచేసి గైడ్ చేయండి' అని రాసింది. జవాబు లేదు. రెండు రోజులు చూసి మళ్లీ అదే రాసింది. ఊహూఁ!

కోపమొచ్చింది. కానీ అవతలివాళ్ల వైపు నుంచి చూస్తే? వాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక వేళల్లో ఈ పని చూసేవాళ్లు. 'గైడ్ చేయండి' అంటే దేనికని చేస్తారు? మూడోసారి వేరేలా రాసింది. 'మీ సూచనల ప్రకారం సాఫ్ట్‌వేర్‌ను నా కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఈ సందేశం వచ్చింది. ఫలానా రెండు మార్గాలు ప్రయత్నించాను.' ఆ రాత్రే జవాబు వచ్చింది! సూచనల్లోనే ఒక మెట్టు రాయడం మరిచిపోయారట. 'సరిచేసి పంపుతావా?' అని అడిగారు.

చిన్నప్పటి నుంచి మన పిల్లలకు అలవాటైంది వేరు. క్లాసులో డౌటు అడిగితే మిగతావాళ్లు నవ్వుతారని భయం. తెలియదని తెలిసిపోతుందేమోనని బెరుకు. ఇక్కడేమో తెలియని సంగతిని ఎంత వివరంగా చెబితే అంత మర్యాద. అడగడం కూడా ఒక విద్యే. ఈ దరఖాస్తుకు చేసే సన్నాహంలో ముప్పాతిక భాగం అదే.

పంపిన సవరణ మూడే వాక్యాలు. దానిమీద వచ్చిన వ్యాఖ్యలు మాత్రం ఏడు! ఇక్కడ కామా, అక్కడ పదం, ఈ వాక్యం పైకి... అమ్మాయి మొహం చిన్నబోయింది. అన్నం దగ్గర కూతురు మాట్లాడకపోయేసరికి నాన్న విషయం కనుక్కున్నాడు.

''తప్పుందని చెప్పాడంటే చీర విప్పి చూశాడనేగా! చూడనివాడే బాగుందని మడిచి ఇచ్చేస్తాడు'' అన్నాడు.

మగ్గం మీది మనిషికి ఇదంతా కొత్తేమీ కాదు. పాత పడుగు చివర్లకు కొత్త పోగులను ఒక్కొక్కటే కలపడాన్ని నేతవాళ్లు అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. ఏ పోగు దేనికి కలవాలో దానికే కలవాలి. ఒకటి తప్పితే విప్పి మళ్లీ కలపాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో సవరణను 'ప్యాచ్' అంటారు. అంటే అతుకే!

ఏడు వ్యాఖ్యలూ సరిచేసి పంపాక ఆ మూడు వాక్యాలు ప్రాజెక్టులో చేరాయి. ఆమె పేరుతో సహా. తర్వాత ఇంకో చిన్న తప్పు, ఆపైన ఒక మోస్తరు తప్పు... సంక్రాంతి నాటికి అయిదు అతుకులు. సెమిస్టర్ పరీక్షలప్పుడు నెల రోజులు ఆపేసింది. ఆపుతున్నట్టు ముందే చెప్పింది కూడా. చెప్పకుండా మాయమయ్యేవాళ్ల మీదే గురువులకు నమ్మకం పోతుంది. ఆమెది పాత ల్యాప్‌టాప్. భారీ సాఫ్ట్‌వేర్ దాని వల్ల కాదు. అందుకే అది మోయగలిగినదాన్నే మొదట్లోనే ఎంచుకుంది. ఇదీ సన్నాహమే!

తెలుగు తెలిసుండటమూ ఓ అర్హతే. 2018లో ఐఫోన్లలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే యాప్‌లు ఆగిపోయేవి. కంపెనీ హడావుడిగా దిద్దుబాటు విడుదల చేసింది. ఒత్తులూ గుణింతాలూ తెరమీద సరిగ్గా కుదరాలంటే, ఎక్కడ కుదరలేదో చూడగానే కనిపెట్టే కళ్లు కావాలి. ఆ కళ్లు మన పిల్లలకున్నాయి.

ఏటా ఫిబ్రవరిలో సంస్థల జాబితా వస్తుంది. మార్చిలో దరఖాస్తులు మొదలవుతాయి. గడువు సుమారు రెండు వారాలే. ఏం చేస్తారు, ఎందుకు, ఏ వారం ఎంతవరకు... అన్నీ రాసివ్వాలి. ఏఐని అడిగితే క్షణాల్లో పది పేజీలు రాసిస్తుంది. కానీ 'మూడో వారం ఇదెలా చేస్తావు?' అని గురువు తిరిగి అడిగితే చెప్పాల్సింది మనమే. ఆరు నెలలుగా ఆ సాఫ్ట్‌వేర్‌లో చేతులు పెట్టినవాళ్లకు ఆ భయం ఉండదు. ఇదొక్కటే దారి కూడా కాదు. 2010లో గ్నోమ్ సంస్థ మహిళల కోసం మొదలుపెట్టిన కార్యక్రమం 'అవుట్‌రీచీ'గా ఎదిగింది. లినక్స్ ఫౌండేషన్‌కూ ఇలాంటి పథకముంది.

''రాకపోతేనో?'' అమ్మ అడిగింది, దరఖాస్తు పంపిన రోజు.

మిగతా పదకొండు మందికీ ఆ ప్రశ్నే మిగులుతుంది. డబ్బు రాదు. చెప్పుకోవడానికి పేరూ ఉండదు. కానీ పేరు చూసి మొదలుపెట్టినవాళ్లకు మిగిలేది వేరు, పని నచ్చి మొదలుపెట్టినవాళ్లకు మిగిలేది వేరు. ఎంపిక జాబితాలో ఎవరున్నా లేకపోయినా ఆ అయిదు అతుకులూ ప్రాజెక్టులోనే ఉంటాయి. రేపు ఏ కంపెనీ ఇంటర్వ్యూలోనైనా తెరిచి చూపించొచ్చు.

ఫలితాలు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వస్తాయి. ఈలోగా ఓ రాత్రి ప్రాజెక్టులోకి కొత్త పేరొకటి వచ్చింది. ఏ దేశమో తెలియదు. 'సర్, ఆసక్తి ఉంది. గైడ్ చేయండి' అని రాశారు. అందరూ చూశారు, ఎవరూ పలకలేదు. ఆ అమ్మాయి జవాబు రాసింది.

''ఎక్కడ ఆగిపోయారు? అక్కడిదాకా ఏమేం ప్రయత్నించారు?''