ఝాన్సీ రాణికి మా ఊరి కథ ఎవరు చెప్పారు?

2019 దసరాకి ఊరెళ్లినప్పుడు మా జేజినాయనను 'సైరా నరసింహారెడ్డి'కి తీసుకెళ్లాను. మాది కోయిలకుంట్ల. 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడి చేసిన కంపెనీ ఖజానా మా ఊర్లోనే ఉండేది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరి తీసిందీ ఇక్కడే. తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. ఈ కథ నాకు పుస్తకం కన్నా ముందు జేజినాయన నోట్లోంచి తెలుసు.

సినిమా ఝాన్సీ లక్ష్మీబాయితో మొదలైంది. ఆమె తన సైనికులకు నరసింహారెడ్డి గురించి చెబుతోంది. జేజినాయన నా భుజం తట్టి, "ఏంరా, ఆయమ్మకు మన కోయిలకుంట్ల కత ఎవురు చెప్పినార్రా?" అన్నాడు. పక్క సీటాయన కూడా నవ్వేశాడు.

నేను మార్వెల్ పిచ్చోణ్ని. బయటికొచ్చి సోడా తాగుతూ మొత్తం వివరించాను. 2006లో మొదలైన 'సివిల్ వార్' కామిక్‌లో స్పైడర్‌మ్యాన్ ప్రపంచం ముందు ముసుగు తీసేస్తాడు. 2016 సినిమాకొచ్చేసరికి అతను అప్పుడే ఆ యూనివర్స్‌లోకి వచ్చిన పిల్లాడు. కాబట్టి ఆ సీన్ కుదరదు, తీసేశారు. 1991 కామిక్‌లో థానోస్ సగం విశ్వాన్ని చంపేది మృత్యుదేవత మెప్పు కోసం. సినిమాల్లో ఆమె లేదు. అందుకే 2018లో 'జనం ఎక్కువ, వనరులు తక్కువ' అనే లెక్క పెట్టారు. "అట్లనే జేజినాయనా, మన కథ దేశమంతా ఆడాలంటే ఝాన్సీ రాణి రావాల్సిందే. తమిళోళ్ల కోసం విజయ్ సేతుపతి వచ్చినాడు చూడు" అన్నాను.

అంతా విని ఒకటే అడిగాడు: "సరేలే. మరి ఆ పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు యాడికి పాయెరా?"

పాలెగాళ్ల అధికారం తీసేశాక కంపెనీ వాళ్ల కుటుంబాలకు భరణం ఇచ్చేది. నరసింహారెడ్డి నెల వాటా అదే, 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దానికోసం మనిషిని పంపితే అవమానించి పంపారని మా వైపు చెబుతారు. ఊరి కావలి కాసే కట్టుబడుల మాన్యాలు కూడా కంపెనీ లాగేసుకుంటుంటే వాళ్లూ ఆయన వెంట నడిచారు. సినిమా బరువంతా రైతుల శిస్తు మీద పడింది. పెద్ద హీరోకి పెద్ద కారణం కావాలి కదా అని నేనూ సర్దిచెప్పాను.

ఆ తర్వాతి ఏడాది ఆఫీసులో పాత బిల్లింగ్ కోడ్‌ను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని నాకొచ్చింది. ఒక లైను ఎందుకుందో అర్థం కాలేదు. అనవసరం అనుకుని తీసేశాను. నెలాఖరుకి లెక్కల్లో పైసల తేడా! రెండు రాత్రులు కూర్చుంటే తేలింది, పైసలను సరిచేసే లైను అదేనని. అప్పుడు జేజినాయన ప్రశ్న గుర్తొచ్చింది.

కథను కొత్త ప్రపంచంలోకి మార్చేటప్పుడు సంఘటనలు మారొచ్చు, పాత్రలు చేరొచ్చు. కానీ ఒకటి తీసేసే ముందు అది ఎందుకుందో తెలియాలి. దేశం కోసం తిరగబడ్డాడంటే దండం పెడతాం. రావాల్సిన పదకొండు రూపాయల దగ్గర పరువు పోయి తిరగబడ్డాడంటే, ఆయన మన వీధిలో మనిషి అవుతాడు. నాకు ఆ రెండోవాడే ఎక్కువ నచ్చుతాడు. జీతంలో వెయ్యి తగ్గితే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టడానికి మూడుసార్లు ఆలోచించేవాణ్ని మరి!

2024లో 'హను-మాన్'తో మనకూ సొంత సూపర్‌హీరో యూనివర్స్ మొదలైంది. రేపు ఇంకెన్ని ఊళ్ల కథలు తెరకెక్కుతాయో. ఈ మాటే ఫోన్లో చెబితే జేజినాయన అన్నాడు: "ఈసారి మన కత తీస్తే ఆ రాణిని ఉండనీరా, పాపం. పైసల లెక్క మాత్రం మర్చిపోవద్దను."