ఓడ లోపల ఏముంది?

సూరత్ లోక్‌సభ స్థానానికి 2024 మే 7న పోలింగ్ జరగవలసి ఉంది. పదిహేను రోజుల ముందే, ఏప్రిల్ 22న, ఫలితం వచ్చేసింది. నామినేషన్ల పరిశీలనలో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభానీ పత్రాలు తిరస్కరణకు గురయ్యాయి. ఆయన పేరును ప్రతిపాదించినవారే ఆ సంతకాలు తమవి కావన్నారు. మిగిలినవారంతా పోటీ నుంచి తప్పుకొన్నారు. బీజేపీ అభ్యర్థి ముఖేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు అధికారులు ప్రకటించారు. ఆ మరునాడు నేను సూరత్‌లో దిగాను. ప్రచారం లేదు, సభలు లేవు. ఎన్నికల వార్తల కోసం వెళ్లిన విలేకరికి తీరిక దొరికింది.

ఆ తీరికలో తాపీ నది ఒడ్డుకు వెళ్లడానికి నాకు సొంత కారణం ఒకటుంది. కొన్నేళ్లుగా పాతకాలపు తెరచాప ఓడల నమూనాలు చేయడం నా వ్యసనం. అప్పట్లో నా బల్ల మీద ఉన్నది ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక. 1817 అక్టోబరు 12న బొంబాయిలో జలప్రవేశం చేసిన ఆ టేకు ఓడ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీటిపై తేలుతూ ఉంది. దాన్ని కట్టినవారు వాడియాలు. వారి మూలపురుషుడు లవ్‌జీ నుసర్వాన్‌జీ సూరత్ వడ్రంగి. 1736లో ఈస్టిండియా కంపెనీ ఆయనను బొంబాయికి పిలిపించుకుంది. ఆయనతో పాటు సూరత్ పనివాళ్లూ వెళ్లారు. ఒక రేవు నైపుణ్యం మరో రేవుకు చేతులతోనే ప్రయాణించింది.

‘ట్రింకోమలీ’ పటాల కథ ఇంకా చిత్రమైనది. నౌకాదళం లండన్ నుంచి పంపిన మొదటి పటాలు ‘జావా’ అనే ఓడతో పాటు పోయాయి. 1812 డిసెంబరులో అమెరికా నౌక ‘కాన్‌స్టిట్యూషన్’ చేతిలో ‘జావా’ ఓడి నాశనమైంది. మళ్లీ పటాలు రావలసి వచ్చింది. అవి వచ్చాక జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా పని మొదలుపెట్టాడు. ఆయన లవ్‌జీ మనుమడు. పార్సీల ఆచారం ప్రకారం అడుగుదూలంలో వెండి మేకు కొట్టారు. పటం లండన్‌ది, టేకు మనది, మేకు పార్సీలది, జెండా సామ్రాజ్యానిది. అదే జంషెట్‌జీ 1813లో కట్టిన ‘కార్న్‌వాలిస్’ మీదనే 1842లో చైనా మెడలు వంచి నాన్‌కింగ్ ఒప్పందంపై సంతకాలు చేయించారు. మన వడ్రంగుల పనితనానికి గర్వపడేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఆ సాయంత్రం సూరత్‌లో ఒక నేతకార్మికుడిని కలిశాను. వరంగల్ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్న వేలాది తెలుగువారిలో ఆయన ఒకరు. వయసు అరవైకి దగ్గర. ‘‘ఇరవై ఏండ్ల సంది ఇక్కడనే ఓటేస్తున్న సార్. ఈసారి వేలికి సిరానే అంటలే’’ అన్నాడు. కోపంగా అనలేదు, నిండని కండెను పక్కన పెట్టినట్టు అన్నాడు. మాటల మధ్యలో నా ఫోన్‌లోని ఓడ ఫోటో చూపించాను. తెరస్తంభాలు, తాళ్లు, వరుసగా ఫిరంగి కిటికీలు. చాలాసేపు చూసి అడిగాడు: ‘‘లోపట ఏమన్న ఉన్నదా సార్, ఉత్త పైకేనా?’’

నాకు సిగ్గేసింది. అది ఉత్త పైకే. ఒకే మొద్దును ఓడ ఆకారంలో చెక్కి, రంగు వేసి, తాళ్లు కట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మగ్గం తెలిసిన మనిషి మాత్రం లోపలి సంగతి అడిగాడు.

ఇంటికొచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి అసలు పద్ధతిలో. ముందు అడుగుదూలం, దాని మీద పక్కటెముకలు, వాటి మీద వేడినీటిలో నానబెట్టి వంచిన పలచని పలకలు. కొలత 1:96, అంటే ఎనిమిదడుగులకు ఒక అంగుళం. నూటయాభై అడుగుల ఫిరంగి అంతస్తు పందొమ్మిది అంగుళాల లోపే ఇమిడిపోతుంది. టేకు నార ఈ కొలతకు ముతక. అందుకని ఏటికొప్పాక బొమ్మలవాళ్లు వాడే అంకుడు కర్ర తెచ్చుకున్నాను. ఒక పక్కటెముక మిల్లీమీటరు తప్పితే పలక అక్కడ ఉబ్బుతుంది. అసలు ఓడలో అది దాదాపు నాలుగంగుళాల తప్పు. మొద్దు చెక్కినప్పుడు తప్పును గరుకు కాగితంతో రుద్దేయవచ్చు. ఎముకలు నిలబెట్టి కట్టినప్పుడు అది కుదరదు. విప్పి మళ్లీ చేయాలి. మొద్దు బొమ్మకు మూడు నెలలు పట్టింది. దీనికి ఏడాది దాటింది.

ఆ ఏడాదంతా సూరత్ ఎన్నిక నా మనసులో మెదులుతూనే ఉంది. అక్కడ జరిగినదానికి చట్టం ఉంది. అభ్యర్థుల సంఖ్య స్థానాల సంఖ్యతో సమానమైతే వెంటనే ఫలితం ప్రకటించాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. ఇది ఒక్క పార్టీకే దక్కిన అదృష్టమూ కాదు. 2012లో కనౌజ్ ఉప ఎన్నికలో సమాజ్‌వాదీ అభ్యర్థి డింపుల్ యాదవ్ కూడా ఇలాగే ఎన్నికయ్యారు. నోటిఫికేషన్, నామినేషన్, పరిశీలన, ఉపసంహరణ, ధ్రువపత్రం: తెరస్తంభాలన్నీ నిలిచాయి, తాళ్లన్నీ బిగిశాయి. ఓటరు ఒక్కడే లేడు. 2013 నుంచి మన చేతికి ‘నోటా’ మీట వచ్చింది. పోలింగే లేనిచోట దాన్ని నొక్కేది ఎక్కడ? చట్టబద్ధమైన ఎన్నిక, ఓటు పడని ఎన్నిక ఒకటే కావడం మనల్ని కలవరపెట్టకపోతే, మనం మొద్దు బొమ్మకు అలవాటు పడ్డామనే అర్థం.

ఓడల వైభవం గురించి కూడా ఇప్పుడు వేదికల మీద చాలా వింటున్నాం. మంచిదే. అయితే అజంతా చిత్రం ఆధారంగా కట్టిన కుట్టు ఓడ ‘కౌండిన్య’ 2025 మేలో నౌకాదళంలో చేరిందంటే ప్రసంగాల వల్ల కాదు. పాత పటాలేవీ మిగలని ఆ ఓడ కోసం మద్రాస్ ఐఐటీలో నమూనాను పరీక్షించారు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టే విద్య కేరళ పనివాళ్ల చేతుల్లో ఇంకా మిగిలి ఉంది కాబట్టే అది సాధ్యమైంది. మన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. తుపాన్లు, మేటలు దాన్ని మింగేశాయి. మిగిలిన విద్య చేతులు మారకపోతే గర్వం మాత్రమే మిగులుతుంది. ఓటు కూడా అభ్యాసంతో నిలిచే విద్యే.

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నౌకాదళం కోసం చేసిన నమూనాల్లో ఓడ కింది భాగానికి పలకలు వేయకుండా వదిలేసేవారు. లోపలి ఎముకలన్నీ కనిపించేవి. నా ‘ట్రింకోమలీ’కి కూడా ఒక పక్క అలాగే వదిలేశాను. ఇంటికొచ్చినవాళ్లు, ‘‘పని ఇంకా పూర్తి కాలేదా?’’ అని అడుగుతున్నారు. ఫోటో తీసి సూరత్‌కు పంపించాను. గంట తర్వాత జవాబు వచ్చింది: ‘‘ఇప్పుడు మంచిగున్నది సార్.’’